బంతి లేచేదాకా

కొత్త సంగతి ఏదైనా తెలిసిందంటే నా కడుపులో దాగదు. ఎవరికో ఒకరికి చెప్పేదాకా కాలు ఒకచోట నిలవదు. ఆ ఆదివారం కూడా అంతే. స్టవ్ మీద టీకి పాలు పెట్టిన సంగతి మరిచిపోయి, హాల్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన దగ్గరికి పరిగెత్తాను. "హీబ్రూలో సుగుణాన్ని ఏమంటారో తెలుసా మీకు? కొలత అంటారట" అన్నాను. ఆయన పేపరు దించకుండానే "పాలు" అన్నారు.

నేను వెనక్కి పరిగెత్తేసరికి, నాకీ మాట చెప్పిన అమ్మాయి అప్పటికే స్టవ్ కట్టేసి, పొంగిన పాలు గుడ్డతో తుడుస్తోంది. "నీ సంబురం గూడ ఒక కొలతనే అక్కా. నీకు జర ఎక్కువ పోసిండు దేవుడు" అని నవ్వింది.

ఆ అమ్మాయి ఎవరో ముందు చెప్పాలి. జగిత్యాల వైపు నుంచి చదువుకోడానికి ఢిల్లీ వచ్చింది. ఇక్కడి యూనివర్సిటీలో హీబ్రూ భాష మీద పరిశోధన చేస్తోంది. మునిర్కాలో, మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వేసుకోవలసిన ఒక సందులో గది అద్దెకు తీసుకుంది. ఆదివారం పొద్దున్నే మెట్రో ఎక్కి నోయిడాలో మా అపార్టుమెంట్ల సొసైటీకి వస్తుంది. ఇక్కడున్న తెలుగు కుటుంబాల పిల్లలకి కింద క్లబ్ హౌస్ హాల్లో తెలుగు నేర్పుతుంది. తరగతి అయ్యాక మా ఇంటికి వచ్చి టీ తాగుతుంది. తాగుతున్నంతసేపూ నేను ఏదో ఒకటి అడుగుతాను, ఆమె చెబుతుంది. అలా పిల్లలకి తెలుగు, నాకు హీబ్రూ సాగుతున్నాయి. పిల్లలకన్నా నేనే బుద్ధిగా నేర్చుకుంటున్నానని ఆమె కితాబు కూడా ఇచ్చింది.

"ఇన్ని భాషలుండగా ఇదేం పట్టిందమ్మా నీకు?" అని మొదట్లో అడిగాను.

"సీటు గండ్లనే దొరికింది అక్కా. జేరినంక ఇష్టమైంది. శానమంది పెండ్లిళ్లు గూడ గట్లనే గద" అంది.

ఇక నా సంగతి. నోయిడాలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో శిక్షణ విభాగంలో పనిచేస్తాను. కొత్తగా చేరినవాళ్లకి కంపెనీ విలువల గురించి చెప్పడం నా పని. రిసెప్షన్ పక్కన గోడ మీద ఆ విలువలు నిలువెత్తు అక్షరాల్లో ఉంటాయి. కాఫీ కప్పుల మీద ఉంటాయి, లిఫ్టు తలుపుల మీద ఉంటాయి. ఎన్నేళ్లుగానో వాటి గురించి మాట్లాడీ మాట్లాడీ, విలువలంటే నన్నడిగాకే ఎవరైనా అనే స్థితికి వచ్చాను. అందుకే ఆ రోజు టీ మాటల్లో ఆ అమ్మాయి విలువ వేరు, గుణం వేరు అనేసరికి కుర్చీలో సరిగ్గా కూర్చున్నాను.

"మీ ఆఫీసు గోడ మీద రాసి పెట్టుకుంటరు గద, వాటిని అరాఖీమ్ అంటరు. ఒక్కటైతే ఎరెఖ్" అంది. "దాని మూలంల ఉన్నది సర్దుడు, వరుసగ పెట్టుడు అన్న అర్థం. బల్ల మీద కంచాలు, గ్లాసులు సర్దుతం జూడు, దానికి గూడ గదే క్రియ. ఏది ముందల పెట్టాలె, ఏది ఎనక పెట్టాలె, దేనికెంత కిమ్మతు, గదంత మనం అనుకునేది. మనిషి గుణాలను మాత్రం మిదోత్ అంటరు. మిదా అంటే కొలత. అంగీ సైజుకు గూడ గదే మాట."

"అంటే మంచితనానికి సైజు ఉంటుందా?"

"మంచితనం అని విడిగ ఒక డబ్బల ఉండదు అక్కా. కోపం, ఓపిక, సిగ్గు, ధైర్యం, అన్నీ అందరిల ఉంటయి. యాడ ఎంత తీసినవ్ అన్నదే లెక్క. కోపం గూడ కొలిచి తీస్తే మంచిదే. ఓపిక ఎక్కువైతే అది గూడ చెడ్డదే. విలువ నోటితోని చెప్పొచ్చు. కొలత చెప్తే ఏమొస్తది, పోసి జూపియ్యాలె."

ఇదీ నేను పాలు వదిలేసి పరిగెత్తిన సందర్భం. ఆ వారమంతా ఆఫీసులో కనిపించినవాళ్లకల్లా ఈ మాటే చెప్పాను. లిఫ్టులో చెప్పాను, క్యాబ్‌లో చెప్పాను. వినేవాళ్లు "అచ్ఛా" అని ఫోన్లు చూసుకునేవారు. నా ఉత్సాహం మాత్రం తగ్గలేదు. మరో ఆదివారం ఓపికని ఏమంటారని అడిగితే సవ్లానూత్ అని చెప్పింది. బరువు మోయడం అనే మాట నుంచి పుట్టిందట. స్టేషన్లో మూటలు మోసేవాణ్ణి పిలిచే మాటా అదే కుటుంబంలోదట. మర్నాడు మెట్రోలో బ్యాగులు గుండెలకి హత్తుకుని నిలబడ్డ జనాన్ని చూస్తూ, వీళ్లంతా ఓపిక మీద పరిశోధకులే అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంత నేర్పిన మనిషితో నాకు ఒక్క విషయంలోనే పేచీ ఉండేది. అది భోజనం సంగతి.

తరగతి అయ్యాక పిల్లలందరూ అక్కడే కలిసి భోంచేస్తారు. వారానికొక ఇంటివాళ్లు వండి తెస్తారు. క్లబ్ హౌస్ జంపఖానాలు, ఇక్కడివాళ్ల మాటలో దరీలు, పొడుగ్గా పరిచి, పిల్లలు బంతిగా కూర్చుంటారు. అందరి కంచాల్లో అన్నీ పడేదాకా ఎవరూ ముద్ద కలపకూడదు. చివరివాళ్లు తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అక్కడితో అయిపోలేదు. ఖాళీ కంచం ముందు పెట్టుకుని, ఇంకా తింటున్నవాళ్ల వైపు చూడకూడదు. ఇంకొంచెం వేయించుకుని వాళ్లకి తోడు తినాలి. ఇవన్నీ ఆ అమ్మాయి పెట్టిన కట్టుబాట్లు.

పెద్ద బఫేలకి అలవాటుపడ్డ పిల్లలు వీళ్లు. కంచం పట్టుకుని నడుస్తూ తిని, ఎక్కడో ఒకచోట పడేసి పోయే రకం. వాళ్లని ఇలా కూర్చోబెట్టడానికి ఆమెకి ఒక చలికాలం పట్టింది. పైగా బంతిలో ఒక చిన్నపిల్ల ఉంది. ఒక్కో మెతుకునీ బాగోగులు విచారించి మరీ నోట్లో పెట్టుకుంటుంది. ఆ పిల్ల ముగించేదాకా అందరూ అక్కడే. ఒకరికి ట్యూషన్, ఒకరికి స్కేటింగు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం సణుగుడే.

నాకూ చిరాకుగానే ఉండేది. నేను తింటుంటే మా ఆయన "రైలు తప్పిపోతుందా?" అని అడుగుతారు. అంత వేగం నాది. బంతిలో కూర్చుంటే అందరికన్నా ముందు నా కంచమే ఖాళీ అవుతుంది. ఇక అక్కణ్ణుంచి నా మోకాళ్లు ఊగడం మొదలవుతుంది. ఒకసారి ఉండబట్టలేక, "ఈ ఒక్క నియమం తీసెయ్యమ్మా, పుణ్యముంటుంది. తెలుగు నేర్పడానికీ దీనికీ ఏమిటి సంబంధం?" అన్నాను.

"అది గాక ఇంకేదన్న అడుగు అక్కా" అంది.

"ఎందుకంత పట్టుదల?"

"మా ఇంట్ల గట్లనే. మా తాతకు పండ్లు లేకుండె. ఆయన లేచేదాక మేమెవ్వరం లేవకపోదుము. ఎందుకని ఎవ్వరు అడుగలే, ఎవ్వరు చెప్పలే."

మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఈ తరగతికి రావడం దానికి ఏమాత్రం ఇష్టం లేదు. నేను పోరితే, అక్షరాలు దిద్దడానికి ససేమిరా అని, చిన్నపిల్లలకి వడ్డించే పని మాత్రం ఒప్పుకుంది. దాని లోకమంతా బ్యాడ్మింటన్. అకాడమీ టీములో చోటు కోసం ఏడాదిగా కలవరిస్తోంది.

చలి ముదురుతున్న రోజుల్లో సొసైటీ కమిటీ నుంచి కబురొచ్చింది. ఆదివారం ఉదయాలు హాలుని జుంబా తరగతికి ఇవ్వాలని అనుకుంటున్నారట. నేను నేరుగా ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్లాను. మీరట్ వైపు మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. గొంతు ఖంగుమంటుంది. ఎండయినా చలయినా పైన ఒక కోటు, ఆ కోటు జేబులో కుడిచెయ్యి. ఎవరు నమస్కారం పెట్టినా తల ఊపుతారే తప్ప ఆ చెయ్యి బయటికి రాదు. హోలీకీ దీపావళికీ అందరం కలిసి భోంచేస్తుంటే, "మై తో ఖాకర్ ఆయా హూఁ" అని, తినేసి వచ్చానని చెప్పి, పక్కన నిలబడి అజమాయిషీ చేస్తారు. ఆ తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. మన వంటలు ఆయన స్థాయికి తగవు కాబోలు అని మా తెలుగు ఆడవాళ్లం చెప్పుకునేవాళ్లం.

"మీరు పిల్లలకి అసలు ఏం నేర్పుతున్నారు?" అని అడిగారాయన హిందీలో. "సొసైటీకి దానివల్ల లాభమేమిటి? ఏ వాల్యూస్ ఇస్తున్నారో వచ్చే ఆదివారం కమిటీకి చూపించండి. అప్పుడు నిర్ణయిస్తాం."

వాల్యూస్ అన్న మాట వినగానే నాలో ఏదో లేచి కూర్చుంది. ఆయన పోయి పోయి నా చేతికే కత్తి ఇచ్చారనిపించింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి ఇంటికి వచ్చి, మునిర్కాకి ఫోన్ చేశాను. "భయపడకు, నేను చూసుకుంటాను" అన్నాను.

 అప్పుడు ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. ఫెలోషిప్పు అయిపోయింది. థీసిస్‌లో ఆఖరి అధ్యాయాలు మిగిలాయి. గది అద్దె మా పిల్లల తరగతి మీదే నడుస్తోంది. "ఇది బోతే బ్యాగు సర్దుకొని ఇంటికి వోవుడే అక్కా. పోయిన్నంటే మల్ల తోలరు. సంబంధాలు జూస్తున్నరు ఆడ. గిన్నేండ్లు జదివి ఆఖరికి పొత్తం గట్టకుండ ఇడిశిపెట్టుడైతది." గొంతులో ఏడుపు లేదు. ఉంటే నేను ఓదార్చగలిగేదాన్ని. లేకపోవడంతో నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వారం నా పని చూడాలి. ఆఫీసు పని సంగతి దేవుడెరుగు, నా స్లైడ్లే లోకం. గౌరవం, సహనం, సమానత్వం, సమైక్యత, పంచుకోవడం, ఒక్కో విలువకి ఒక్కో స్లైడు. పక్కన నవ్వుతున్న మన పిల్లల ఫోటో. హిందీలో ఒక వాక్యం, ఇంగ్లీషులో ఒక వాక్యం. బంతి భోజనం మాత్రం కావాలనే వదిలేశాను. తల్లిదండ్రులే సణుగుతున్న విషయాన్ని కమిటీ ముందు పెట్టడమెందుకని నా తెలివి. స్లైడ్లు ఆ అమ్మాయికి పంపితే వెంటనే ఫోన్ చేసింది.

"మంచిగున్నయి అక్కా. కంచాలు మస్తు సర్దినవ్."

"అంటే?"

"ఏం లే. అన్నం సంగతి అడుగుతరేమో అని."

నాకు ఉక్రోషం వచ్చింది. నీ కోసమే కదా ఈ తంటా అనబోయి ఆపుకున్నాను. ఆపుకోవడం కూడా ఒక కొలతే కాబట్టి ఆ రోజుకి మిదోత్ లెక్కలో ఒకటి నాకు జమ వేసుకున్నాను.

ఆదివారం వచ్చింది. వంట వంతు మాదే. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపాను, బంగాళదుంపల వేపుడు, పెరుగన్నం, అప్పడాలు చేశాను. మా అమ్మాయి రాకెట్ బ్యాగు వీపుకి తగిలించుకునే కిందికి దిగింది. అదే మధ్యాహ్నం అకాడమీలో ఎంపిక ఆటలు. ఏడాదిగా కలవరించింది ఆ రోజు కోసమే. కమిటీ వచ్చి వెళ్లగానే క్యాబ్ ఎక్కించేస్తానని మాట ఇచ్చాను.

కమిటీవాళ్లు అలవాటు ప్రకారం ఆలస్యంగా వచ్చారు. అప్పటికి తరగతి అయిపోయింది, పిల్లలు ఆకలితో దరీల మీద కూర్చుని ఉన్నారు. నేను ప్రొజెక్టరు తీగలతో కుస్తీ పడుతుంటే ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, "ముందుగాల తిందురు అక్కా. కడుపుల ఇంత పడ్డంక నీ బొమ్మలు జూపియ్యి" అంది. కాదనడానికి నాకు వ్యవధి ఇవ్వకుండా కమిటీవాళ్లని బంతిలో కూర్చోమంది. ట్రెజరరుగారు, ఆవిడ పక్కన మరో ఇద్దరు సరదాపడి నేల మీద కూర్చున్నారు.

"మై తో ఖాకర్ ఆయా హూఁ" అన్నారు ప్రెసిడెంటుగారు.

మా అమ్మాయి వడ్డిస్తోంది. దానికి అక్షరాలు రాకపోయినా, వద్దన్నవాళ్లకి వడ్డించడం మాత్రం బాగా వచ్చింది. "బస్, థోడా సా, అంకుల్" అంటూ బంతి చివర ఒక కుర్చీ, దాని ముందు ఒక స్టూలు వేసి, స్టూలు మీద కంచం పెట్టి, పులిహోర వేసేసింది. పక్కన చెంచా పెట్టింది. అందరి కంచాలూ నిండాయి. ఎవరూ ముద్ద కలపలేదు, ఆయన కూర్చోలేదు కనుక. అంతమంది పిల్లలు ఆకలి కళ్లతో ఎదురుచూస్తుంటే ఎంత ప్రెసిడెంటయినా ఎంతసేపని నిలబడతారు? కూర్చున్నారు. "ఇగ కానియ్యుర్రి" అంది ఆ అమ్మాయి. అప్పుడు ఆయన జేబులోంచి చెయ్యి బయటికి తీశారు.

ఆ చెయ్యి వణుకుతోంది. చెంచా పట్టుకునేసరికి చెంచా కూడా వణికింది. నోటి దాకా వెళ్లేలోపు సగం మెతుకులు స్టూలు మీద రాలాయి. నమస్కారానికి బయటికి రాని చెయ్యి, ప్రతి విందులోనూ తినేసి వచ్చిన కడుపు, అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎన్ని పండగలకి ఈ మనిషి ఆకలితో ఇంటికి వెళ్లాడో కదా అనిపించింది.

ఆయన రెండు చెంచాలు తినేలోపు పిల్లలు కంచాలు సగం ఖాళీ చేశారు. కాసేపటికి ట్రెజరరుగారు తినడం ముగించి, చెయ్యి కడుక్కోడానికి లేవబోయారు. మెతుకుల విచారణ చేసే చిన్నపిల్ల ఆవిడ పక్కనే ఉంది. చీర కుచ్చిళ్లు పట్టుకుని, "ఆంటీ, బైఠ్ జాఇయే. అభీ బంతి నహీఁ ఉఠీ" అంది. ఇంకా బంతి లేవలేదని. ఆవిడకి బంతి అన్న మాట అర్థం కాలేదు కానీ, కూర్చోమన్నారని మాత్రం అర్థమై కూర్చున్నారు.

నేను ఎప్పుడో ముగించాను. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మోకాళ్లు ఊపుతున్నాను. ఇంతలో మా అమ్మాయి ఫోన్ మోగింది. గేటు దగ్గరికి క్యాబ్ వచ్చింది. వడ్డన అయ్యాక అది ప్రెసిడెంటుగారి కుర్చీకి దగ్గర్లోనే దరీ మీద కూర్చుని తింది. దాని కంచం ఖాళీ. రాకెట్ బ్యాగు వీపునే ఉంది.  లేచి వెళ్లిపొమ్మని కళ్లతో సైగ చేశాను. అది నన్ను చూడలేదు. ఆయన కంచంలో ఎంత మిగిలిందో ఒక్క క్షణం చూసింది. ఎడమచేత్తో ఫోన్ నొక్కేసి, పులిహోర గిన్నె దగ్గరికి లాక్కుని, తన కంచంలో ఇంకో గరిటె వేసుకుంది. వేసుకుని, ఏ తొందరా లేనిదానిలా తినడం మొదలుపెట్టింది.

పక్కనున్న పిల్లవాడు "ముఝే భీ" అన్నాడు. గిన్నె వాడి దగ్గరికి వెళ్లింది. వాడి నుంచి పక్కవాడికి, అక్కణ్ణుంచి ఇంకా పక్కకి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక్కొక్కరూ కొంచెం కొంచెం వేసుకుని, లెక్కల టీచరు గురించి, నిన్నటి క్రికెట్ గురించి మాట్లాడుకుంటూ తింటున్నారు. బంతి చివరి కుర్చీ వైపు ఒక్క కన్ను తిరగలేదు. ట్రెజరరుగారు కూడా ఒక అప్పడం తీసుకుని కొసలు విరుస్తూ కూర్చున్నారు. ఆ హాల్లో ఖాళీ కంచం నాదొక్కటే. ఆ అమ్మాయి వెనక నుంచి వచ్చి నా కంచంలో ఇంత పెరుగన్నం వేసి, "తోడు తిను అక్కా" అంది చిన్నగా.

ప్రెసిడెంటుగారు మొదట భుజాలు బిగబట్టుకుని తిన్నారు. చుట్టూ ఎవరూ చూడడం లేదని గమనించినట్టున్నారు, నెమ్మదిగా భుజాలు కిందికి దిగాయి. రాలిన మెతుకుల్ని దాచే ప్రయత్నం మానేశారు. కాసేపటికి ఆ ఖంగుమనే గొంతుతో, "యే ఖట్టా కిస్ చీజ్ కా హై?" అని అడిగారు. ఆ పులుపు దేనిదని. "ఇమ్లీ" అని పిల్లలందరూ ఒకేసారి అరిచారు.

"ఔర్ దో థోడా" అన్నారాయన, ఖాళీ అయిన కంచం ముందుకి జరుపుతూ.

చిన్నపిల్ల పైకి వినిపించేలా నిట్టూర్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా అమ్మాయి లేచి, ఆయనకి ఇంకో గరిటె వడ్డించి, మళ్లీ వచ్చి కూర్చుంది.

చివరికి ఆయన చెంచా కింద పెట్టారు. బంతి ఒక్కసారిగా లేచింది. చేతులు కడుక్కునే చోట తోపులాట. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తి, "సర్, ప్రెజెంటేషన్" అన్నాను.

"కిస్ చీజ్ కీ?" అన్నారు. దేని గురించని నిజంగానే అడిగారు. తర్వాత గుర్తొచ్చి, "అచ్ఛా, వో. ఫిర్ కభీ" అన్నారు, ఇంకెప్పుడైనా చూద్దామన్నట్టు.

హాలు సంగతి వాష్‌బేసిన్ దగ్గరే తేలిపోయింది. జుంబావాళ్లకి మాట ఇచ్చేశామని ట్రెజరరుగారు గొణిగారు. ప్రెసిడెంటుగారు తడిచెయ్యి రుమాలుతో తుడుచుకుంటూ, తెలుగు తరగతి ఎనిమిదింటికి పెట్టుకోమనండి, జుంబా ఆ తర్వాత, అన్నారు. నోయిడా చలిలో ఆదివారం ఎనిమిదింటికి తరగతి అనేసరికి పిల్లలు హాహాకారాలు చేశారు. గుమ్మం దాకా వెళ్లిన మనిషి వెనక్కి తిరిగి, "అగ్లే సండే క్యా బనేగా?" అని అడిగారు. పొద్దున్న కాబట్టి ఇడ్లీలు అని చెప్పాను. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వుతోంది. కప్పుకున్నది నవ్వునే అని నేను అనుకున్నాను.

క్యాబ్ ఎప్పుడో వెళ్లిపోయింది. నేనే కారు తీశాను. దారంతా హారన్ మీద చెయ్యి తీయలేదు. వెళ్లేసరికి కోర్టులో వల విప్పుతున్నారు. దాని వంతు పిలిచారట, ఎవరూ పలకలేదట, తర్వాతి పేరుకి వెళ్లిపోయారట. మళ్లీ ఎంపిక వచ్చే ఏడాదే.

తిరిగొచ్చేటప్పుడు అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపిస్తోంది. నాకు దుఃఖంతో పాటు కోపమూ వచ్చింది. "చెప్పి లేచి వెళ్లొచ్చు కదా? ఆయనేమీ అనుకునేవారు కాదు. ఎవరూ అనుకునేవారు కాదు. ఎందుకు కూర్చున్నావ్?"

అది నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి. నేనేదో తిక్క ప్రశ్న అడిగినట్టు చూసింది. "మమ్మీ, అంకుల్ ఖా రహే థే."

"అయితే?"

"అయితే క్యా? ఖా రహే థే న."

అంకుల్ తింటున్నారు. అంతే దాని సమాధానం. నేను ఇంకో కారణం కోసం ఎదురుచూశాను. దాని దగ్గర ఇంకో కారణం లేదు. నా స్లైడ్లలోని మాట ఒక్కటీ దాని నోట రాలేదు. గౌరవం అనలేదు, సహనం అనలేదు. మళ్లీ కిటికీ వైపు తిరిగి ఏడ్చుకుంది. అప్పుడు నాకు బరువు మోసే ఆ మాట గుర్తొచ్చింది. మోసినన్నాళ్లూ బరువు బరువుగానే ఉంటుంది కదా. ఏడాదిగా కోరుకున్నదాన్ని భుజాన పెట్టుకుని, పులిహోర తింటూ కూర్చున్న పిల్లని పక్కన పెట్టుకుని, సిగ్నల్ దగ్గర కారు ఆపి, నేనూ ఏడ్చాను. గర్వంగా ఉంది, కడుపు తరుక్కుపోతోంది, ఎవరికైనా అరిచి చెప్పాలని ఉంది. పచ్చలైటు పడినా కదలనందుకు వెనకవాళ్లు అప్పటికే అరుస్తున్నారు.

ఇంటికి రాగానే మునిర్కాకి ఫోన్ చేశాను. "కొలత పోసి చూపించడమంటే ఏమిటో ఇవాళ చూశానమ్మా" అని మొత్తం చెప్పాను. ఎంపిక పోయిందని విని, మళ్లీ ఎప్పుడుంటుందని అడిగింది ఆ అమ్మాయి. తర్వాత, "నా పొత్తంల మొదటి పేజీల దాని పేరు రాస్త అక్కా" అంది.

ఆ పుస్తకం ఈ మధ్యే అట్ట కట్టి యూనివర్సిటీలో ఇచ్చింది. ఆదివారం ఎనిమిదింటికి ఇంకా వస్తూనే ఉంది. ప్రెసిడెంటుగారూ వస్తారు, లావుపాటి పిడి ఉన్న సొంత చెంచా జేబులో పెట్టుకుని. ఆఫీసులో నేను ఇప్పటికీ గోడ మీద మాటల గురించే చెబుతాను, జీతం దానికే ఇస్తారు. మా అమ్మాయి ఇప్పటికీ "అ" తిన్నగా రాయదు.

బంతిలో ఇప్పటికీ అందరికన్నా ముందు నా కంచమే ఖాళీ అవుతుంది. నా మోకాళ్లు ఊగడం మొదలుకాగానే ఎక్కణ్ణుంచో మా అమ్మాయి వస్తుంది. నేను ఏదో చెప్పబోతాను. అది వినిపించుకోకుండా నా కంచంలో ఇంకో ఇడ్లీ వేసి, "ఖావో, మమ్మీ" అని, పక్కన కూర్చుంటుంది.